గోడకుర్చీ మాస్టారి కొడుకు

నాకు ముఖాలు అంతగా గుర్తుండవు. పిక్కలు గుర్తుంటాయి. రాజాం కాంప్లెక్సులో బస్సు దిగుతుంటే ఎవడో మీసాలవాడు ఎదురొచ్చి, "గుర్తున్నానా సార్?" అంటాడు. నేను వాడి ముఖం వైపు చూడను. లుంగీ కొంచెం పైకెత్తమంటాను. పిక్క చూడగానే, "ఓరి నువ్వట్రా! హైజంపులో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నావు కదూ!" అనేస్తాను. ముప్పై ఏళ్లుగా హైస్కూల్లో డ్రిల్లు మాస్టార్ని. మిగతా మాస్టార్లు పిల్లల్ని మెడ పైనుంచి ఎరుగుదురు, నేను మోకాళ్ల కిందనుంచి ఎరుగుదును.

బళ్లో నాకు ఇంకో ఉద్యోగం కూడా ఉండేది. క్లాసులో కుదురుగా ఉండని మగపిల్లల్ని లెక్కల మాస్టారైనా, తెలుగు మేడమైనా నా దగ్గరికే తోలేవారు. అన్ని రోగాలకీ నా దగ్గర ఒకటే మందు: గోడకుర్చీ. వీపు గోడకి ఆనించాలి, కింద కుర్చీ లేకుండానే కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్లు వంచి ఉండాలి. అయిదు నిమిషాలకి తొడలు వణుకుతాయి, పది నిమిషాలకి కన్నతల్లి గుర్తొస్తుంది. నా గది బయట గోడ మీద చెమట పట్టిన వీపుల మరకలు వరసగా ఉండేవి. సున్నం వేయిస్తే నెల తిరక్కుండా మళ్లీ వచ్చేసేవి. ఆ మరకల్లో ఒక్క ఆడపిల్లది కూడా లేదు. వాళ్లు క్లాసులో పుస్తకం ముందేసుకుని కూర్చునే ఉండేవారు. ఆడపిల్లలు కదా, కూర్చుంటారు అనుకునేవాణ్ణి. మగపిల్లాడన్నాక కాలు నిలవకపోవడమే లక్షణం అనుకునేవాణ్ణి. పిల్లలు నా వెనక నన్ను గోడకుర్చీ మాస్టారు అంటారని తెలుసు. తెలిసి మురిసేవాణ్ణి కూడా.

మా వైపు తెల్లారేసరికి రోడ్లన్నీ మగపిల్లలవే. రాజాం నుంచి చీపురుపల్లి వెళ్లే రోడ్డెక్కితే ఏ ఊరి దగ్గర ఆ ఊరి గుంపు బనియన్లు తడిసిపోయేలా పరిగెడుతూ కనిపిస్తుంది. మిలట్రీ సెలక్షన్ల కోసం ఆ పరుగు. ప్రతి ఊళ్లోనూ మిలట్రీలో పనిచేసి వచ్చినవాడు ఒకడుంటాడు, వాడికో డాబా ఉంటుంది, ఆ డాబా చూపించి తండ్రులు కొడుకుల్ని నిద్ర లేపుతారు. తొలి బస్సు డ్రైవరు గుంపుని చూసి ఒక్క హారన్ కొట్టి పక్కకి తప్పుకుంటాడు. మా ఊరి గుంపు తొమ్మండుగురు. గురువుని నేనే. మెడలో విజిలు, చేతిలో స్టాప్‌వాచీ, కింద టీవీఎస్ బండి. వాళ్లు కాళ్ల మీద, నేను చక్రాల మీద.

ఊరి చివర కల్వర్టు పక్కన టీ కొట్టు ఉంది. కొట్టతను వరసకి నాకు బావ. రోజూ మా పరుగు చూసి, "మగోడికి కాళ్లుంటే సాలు బావా. సదువేటి, ఆడగుంటలు సదూకుంటారు" అనేవాడు. ఆ మాట అన్నది అతను. ఆచరించింది మాత్రం నేను.

నాకు ఇద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, దాని తర్వాత కొడుకు. ఎనిమిదో క్లాసు దాకా ఇద్దరూ సాయంత్రం వీధరుగు మీద పక్కపక్కనే కూర్చుని చదువుకునేవారు. మావాడైతే పకోడీలు తినేసి, పొట్లం కట్టిన కాగితం కూడా విప్పి, నూనె మరకల్లోంచి అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు. నేను గేటు తీసుకుని వస్తూనే, "లెగరా! ఆడపిల్లలాగ ఏటా కూకోడం?" అనేవాణ్ణి. వాడు లేచేవాడు. పాపం, చెప్పిన మాట వినే పిల్లాడు.

"ఎప్పుడు సూసినా లెగరా, లెగరా అంటారు. ఆడు సదవొద్దేటండీ?" అంది మా ఆవిడ ఓసారి.

"మిలట్రీకి సదువెందుకే? తుపాకీకి ఏబీసీడీలు సెప్పాలా?" అన్నాను.

ఎంత గొప్ప మాటన్నానో అని ఆ రోజంతా నాకు నేనే ముద్దొచ్చాను. మావాడు పదో తరగతి అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు. ఇంటరూ అలాగే ఈదాడు. రాజాంలో డిగ్రీలో చేరి, మొదటి ఏడాది సగంలో మానేశాడు. వాడు మానలేదు, నేనే మానిపించాను. పరుగు తర్వాత పడుకోవాలి, ఎనిమిదిన్నర బస్సుకి పోతే ఒంటికి విశ్రాంతి చాలడం లేదని నా వాదన. మైలు పరుగు అయిదు నిమిషాల పన్నెండు సెకన్లలో లాగేసేవాడు మరి! అలాంటి కాళ్లున్నవాడికి డిగ్రీ ఎందుకు?

మొదటిసారి సెలక్షన్లకి వెళ్లినప్పుడు పరుగులో ముందు గుంపులోనే వచ్చాడు. డాక్టరు పరీక్షలో చెవి నిండా గుబిలి ఉందని తిప్పి పంపేశారు. ఏళ్ల తరబడి వాడి కాళ్లకి నూనె రాశాను గాని చెవుల సంగతి చూసుకోలేదు. సరే, చెవులు శుభ్రం చేయించాం, వచ్చేసారి ఇక ఎదురు లేదనుకున్నాం. అప్పుడు వచ్చింది అసలు పిడుగు.

ఓ పొద్దున్న నేను బండి మీద వెళ్లేసరికి తొమ్మండుగురూ పరుగు మానేసి కల్వర్టు మీద దిగాలుగా ఉన్నారు.

"సార్, ముందు పరీక్షంట. ఆనక పరుగంట."

"ఎవడ్రా సెప్పినోడు?"

"ఫోన్లో ఉన్నాది సార్."

"పెళ్లికి ముందు పురుడేట్రా!" అని అరిచాను. నాకు మండదా మరి? అంతకుముందు పద్ధతి వేరు. ముందు పరుగు పెట్టేవారు, వచ్చినవాళ్లలో చాలామందిని కాళ్లే వడగట్టేవి, మిగిలినవాళ్లు పరీక్ష రాసేవారు. ఇప్పుడు కంప్యూటరు ముందు గంటసేపు కూర్చుని యాభై ప్రశ్నలకి జవాబులు నొక్కాలట. తప్పు నొక్కితే ఉన్న మార్కుల్లోంచి కోసేస్తారట. అందులో నెగ్గినవాడికే గ్రౌండులో అడుగు పెట్టే భాగ్యం. టీ కొట్టు బావ గ్లాసులు కడుగుతూ, "అయితే బావా, పందెం గుర్రాన్ని పద్యం అప్పజెప్పమంటన్నారన్నమాట" అన్నాడు. ఆ రోజు నేను టీ తాగకుండా వచ్చేశాను.

ఆ ఏడు తొమ్మండుగురూ పరీక్షకి వెళ్లారు, తొమ్మండుగురూ పోయారు. సెంటరు విజయనగరం అవతల. గేటు బయట నిలబడి ఉంటే మావాడు తెల్లమొహం వేసుకుని వచ్చాడు.

"ఏట్రా?"

"కుర్సీ నాన్నా."

"కుర్సీకేటయింది? ఇరిగిందేటి?"

"నేదు, బాగానే ఉన్నాది. నానే అందులో ఉండలేకపోనాను."

పావుగంట గడిచేసరికి వాడి మోకాళ్లు వాటంతటవే ఊగడం మొదలెట్టాయట. బల్ల ఊగింది. పక్కవాడు చెయ్యెత్తి ఫిర్యాదు చేశాడు. బయటికి పోతానని లేస్తే, గంట అయ్యేదాకా కదలకూడదన్నారట. ఇక అక్కణ్ణించి ప్రశ్నలు చదవలేదు, కుడితిలో పడ్డ ఎలకలా గడియారం వైపు చూస్తూ ఉండిపోయాడు. గుంపులో మరొకడు ఆలస్యమెందుకని యాభైకి యాభై చకచకా నొక్కేసి చేతులు దులుపుకున్నాడు. వాడికి వచ్చినవాటిని రానివి తినేశాయి.

వచ్చే ఏడాది సెలక్షన్లు దాటితే మావాడికి వయసు దాటిపోతుంది. అంటే మిగిలింది ఒక్క అవకాశం. ఆ వారమంతా మా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాట లేదు. లెక్కల్లో ఎమ్మెస్సీ ఆఖరి పరీక్షలు రాసేసి ఇంటికొచ్చిన మా అమ్మాయి పరిస్థితి చూసి, "తమ్ముడికి నాను సెప్తాను నాన్నా. మిగతా ఎనమండుగురినీ కూడా రమ్మను" అంది.

"సెప్పు తల్లీ. గాని కూకోబెట్టి సెప్తే ఈల్ల బుర్రకెక్కదు. పరిగెట్టిస్తా సెప్పు" అన్నాను నేను.

ఇదిగో, నా తెలివి ఇక్కడ వికసించింది. మర్నాటి నుంచి నేను బండి నడపడం, వెనక సీటు మీద మా అమ్మాయి కాగితాలు పట్టుకుని కూర్చోవడం, పక్కన తొమ్మండుగురూ పరిగెత్తడం.

"పదిహేడార్లు?"

"నూటరెండు అప్పా!" మా వైపు అక్కని అప్ప అంటాం.

"రెండొందల్లో పన్నెండు శాతం?"

"ఇరవై నాలుగు అప్పా!"

అబ్బబ్బ, ఏం చెప్పమంటారు! కిలోమీటరు రాయికీ రాయికీ మధ్య ఎక్కాలు, శాతాలు, నదులు, రాజధానులు దంచేసేవారు. కండక్టరు బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి తప్పు జవాబు చెబితే తొమ్మండుగురూ పరిగెడుతూనే వెక్కిరించారు. టీ కొట్టు బావకి పదిహేడో ఎక్కం వచ్చేసింది. తోటకి పోయే ముసలమ్మ ఒకావిడ ఆగి, "ఈ గుంటలకేటయింది బాబూ, గాలి సోకినాదేటి?" అని నన్నే అడిగింది. నేను ఛాతీ విరుచుకుని తిరిగాను. మగపిల్లల చదువు సమస్యకి మందు కనిపెట్టినవాడు రాజాం దగ్గర ఒక డ్రిల్లు మాస్టారని ఎవరైనా పేపర్లో వేస్తే ఏ ఫొటో ఇవ్వాలా అని కూడా ఆలోచించాను. ఆలూ లేదు చూలూ లేదు, నాకు ఫొటో కావలసి వచ్చింది!

రెండు నెలలయ్యాక ఓ ఆదివారం మా అమ్మాయి బడి వరండాలో బెంచీలు వేయించి అందరికీ ఉత్తుత్తి పరీక్ష పెట్టింది. గంట టైము. పది నిమిషాలైనా ఒక్క కలమూ కదలలేదు.

"ఏరా, పదిహేడార్లు ఎంత?" అని అడిగింది.

ఒకడు పైకి చూశాడు, ఒకడు బూట్ల వైపు చూశాడు. ఒకడు లేచి నిలబడి, "కూకుంటే రావట్లేదప్పా. ఒక్కసారి పరిగెట్టొస్తాను" అని, మేం ఏదో అనేలోపే గ్రౌండులోకి దూకాడు. సగం చుట్టు తిరిగేసరికి అక్కడినుంచే, "నూటరెండూ!" అని కేకేశాడు. అది చూసి మిగతా ఎనమండుగురూ దూకేశారు. గ్రౌండంతా జవాబులే! ఇరవై నాలుగూ! గోదావరీ! నూట నలభై నాలుగూ! పరిగెత్తుకొచ్చి బెంచీ మీద కూర్చుని కలం తీసేసరికి జవాబు ఎగిరిపోతోంది, మళ్లీ లేచి పరుగు. నాకు నవ్వాగలేదు. కడుపు పట్టుకుని స్తంభానికి ఆనుకున్నాను.

మా అమ్మాయి నవ్వలేదు.

"నవ్వకు నాన్నా. పరీక్ష హాల్లో పరిగెట్టనిస్తారేటి?"

"అది కాదే..."

"ఈల్లకి లెక్కలు రాకపోడం కాదు. కూకోడం రాదు. ఎందుకు రాదో నీకు తెలుసునా?" అంది. చెయ్యెత్తి నా గది బయట గోడ చూపించింది. వీపుల మరకలు ఎండలో బాగా కనిపిస్తున్నాయి. "అదిగో. ఈ బళ్లో మగపిల్లలకి కూకోడమంటే అదే. ముప్పై ఏళ్లపాటు కూకోడాన్ని శిక్ష సేసేవు నువ్వు. ఇంటికాడ నాను కూకుంటే బుద్ధిమంతురాలు అన్నావు. తమ్ముడు కూకుంటే లెగరా అన్నావు. ఆడు నాకంటే బాగా సదివేవోడు నాన్నా. నీకు గుర్తు నేదేటి?"

నాకు కోపం వచ్చింది. నిజం చెబితే రాదా! "మాస్టారికే పాఠాలేటే!" అని బండి తీసి వెళ్లిపోయాను. వెళ్లి వెళ్లి ఎంత దూరం వెళ్తాను, కల్వర్టు దాకానే కదా. టీ గ్లాసు పట్టుకుని కూర్చుంటే పకోడీ పొట్లం కాగితం గుర్తొచ్చింది. నూనె కాగితాన్ని దీపం వైపు ఎత్తి పట్టుకుని చదివే వాడి చెయ్యి గుర్తొచ్చింది. ఏడుపొచ్చింది. టీ కొట్టు బావ పొయ్యి పొగనుకుని విసనకర్ర అటు తిప్పాడు. నా కొడుకు చదువు ఎవరో లాక్కుపోలేదు. నేనే లాగేశాను, ఎంతో ప్రేమగా, విజిలు ఊదుతూ.

మర్నాడు బడికి వెళ్లి ఆ గోడకి ఆనించి ఒక బెంచీ వేయించాను. ఆ పూట లెక్కల మాస్టారు పంపిన కుర్రాణ్ణి దాని మీద కూర్చోమన్నాను. వాడు భయపడిపోయాడు. ఇదేదో కొత్తరకం శిక్ష, దీంట్లో ఎక్కడ నొప్పి పుడుతుందో తెలియడం లేదని వాడి బాధ.

ఇంటికాడ కూర్చోవడం నేర్పే బడి మొదలైంది. టెంటు హౌసువాళ్ల దగ్గర పది ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి మా వాకిట్లో వేశాం.

"తొమ్మండుగురే కదే. పదోది ఎవలికి?" అన్నాను.

"నీకే. నిన్ను సూసే కదా లెగడం నేర్చుకున్నారు. కూకోడం కూడా నిన్ను సూసే నేర్చుకోవాల."

నా చేతిలోనూ ప్రశ్నల కాగితం పెట్టింది. ఇంటి పెద్దనని చూడలేదు, మాస్టారినని చూడలేదు. పదకొండు నిమిషాలు. అంతే ఉండగలిగాను! పదకొండో నిమిషంలో మొక్కలకి నీళ్లు పోయాలని గుర్తొచ్చింది. మా ఇంట్లో మొక్కలకి నేను నీళ్లు పోయడం అదే మొదటిసారి.

ఇప్పుడు దాచడమెందుకు, చెప్పేస్తాను. పదో తరగతి లెక్కల్లో నావి ముప్పై అయిదు మార్కులు. అవి కూడా దిద్దినవాడి దయ. ఆ బ్లాకుబోర్డు ముందు కూర్చోలేక గ్రౌండులోకి పారిపోయినవాణ్ణి నేను. గ్రౌండు నన్ను కాపాడింది, ఉద్యోగం ఇచ్చింది, అన్నం పెట్టింది. అందుకని దొరికిన ప్రతి మగపిల్లాణ్ణీ అందులోకే తోసేశాను. తా చెడ్డ కోతి వనమంతా చెరిచిందంటారే, ఆ కోతి మెడలో విజిలు కూడా ఉంటే ఎలా ఉంటుందో అది నేను.

మా ఆవిడ ఒక రూలు పెట్టింది. తండ్రీకొడుకుల్లో ముందు ఎవరు లేస్తే ఆ పూట అంట్లు వాళ్లవి. మూడు వారాలు వరసగా నేనే తోమాను. మావాడు ఓరకంటితో నన్ను చూస్తూ, పళ్లు బిగబట్టి, నాకంటే ఒక్క నిమిషం ఎక్కువ ఉండేవాడు. ఒక కుర్రాడు కాళ్లు ఊగకుండా తువ్వాలుతో కుర్చీ కోళ్లకి కట్టేసుకున్నాడు. ఎవరో పిలిస్తే ఆ సంగతి మరిచిపోయి లేచి, కుర్చీతో సహా బోర్లా పడ్డాడు. "గుడ్ల మీద కోళ్లు కూడా మీకంటే కుదురుగా ఉంటాయి" అంది మా ఆవిడ. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని నేను మూలిగితే, మా అమ్మాయి, "వంగుతాది నాన్నా, మెల్లగా వంచాల" అంది.

ఇరవై నిమిషాలయింది. ముప్పై అయిదయింది. ఓ పొద్దున్న మేక ఒకటి వాకిట్లోకి వచ్చి, చివరి కుర్చీ కింద పెట్టిన జవాబుల కాగితం నమిలేస్తుంటే ఎవ్వరూ లేవలేదు. నేనూ లేవలేదు. అప్పుడు చూసుకుంటే గంట దాటింది. రెండు రైళ్లు ఎదురెదురుగా వచ్చే లెక్క ఒకటి నన్ను తినేస్తోంది. మావాడు కుర్చీ దగ్గరికి జరుపుకుని, "అలగ కాదు నాన్నా, ఇటు సూడు. రెండిటి స్పీడూ కలిపెయ్యి" అని కాగితం మీద గీత గీసి చూపించాడు. అదే లెక్క నన్ను పదో తరగతిలో ముంచింది. యాభై ఆరేళ్ల వయసులో నాకది అర్థమైంది. చెప్పింది నేను లేపేసిన పిల్లాడు. "బాగుందిరా" అని మాత్రం అన్నాను.

ఆఖరి పరీక్ష రోజు సెంటరు ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాను. వాడు లోపల ఉన్న గంటసేపూ నేనూ లేవకూడదని మొక్కుకున్నాను. చీమలు కుట్టినా లేవలేదు. వాడు అందరికంటే ఆఖరున, నింపాదిగా నడుచుకుంటూ వచ్చాడు.

"ఏట్రా?"

"గంట సరిపోనేదు నాన్నా. ఇంకో పది నిమిషాలుంటే మరి నాలుగు సేసేవోణ్ణి."

లెక్కలు తప్పాయో ఒప్పాయో నేను అడగలేదు. నాకు ఆ మాట చాలు.

తొమ్మండుగురిలో నలుగురు నెగ్గారు. మావాడి నంబరు ఉంది! మా అమ్మాయి ఫోన్లో మూడుసార్లు చదివింది, నేను నాలుగోసారి చదివించాను. కల్వర్టు దగ్గర అందరికీ టీలు పోయించి, "ఇంక కాళ్ల సంగతి నాకొదిలెయ్యండి" అన్నాను. పరీక్షే కదా గండం, అది గడిచింది. ఆ కాళ్లు నావి, నేను చెక్కినవి. వాటి మీద నాకు అనుమానమేముంటుంది?

పరుగు రోజు తండ్రుల్ని గ్రౌండులోకి రానివ్వలేదు. ప్రహరీ నా ఎత్తుకి మించి ఉంది. ఇనప గేటు కింద జానెడు సందు కనిపిస్తే సిగ్గు విడిచి రోడ్డు మీద బోర్లా పడుకుని అందులోంచి చూశాను. కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. మిగతా తండ్రులు, "ఏటి కనిపిస్తాదండీ అందులోంచి?" అన్నారు. నాకు అంతకంటే ఏం కావాలి! వందల కాళ్లలో మావాడి పిక్కలు మొదటి చుట్టులోనే పట్టేశాను. మొదటి చుట్టు బ్రహ్మాండం. రెండోది బ్రహ్మాండం. మూడోదానిలో ముందు పదిమందిలోనే ఉన్నాడు. నాలుగో చుట్టు మొదలయ్యాక కుడి పిక్క మీద కండ ముడిపడడం చూశాను. చూసిన క్షణమే తెలిసిపోయింది. "ఓర్చుకోరా, ఓర్చుకో" అంటూ నేను రోడ్డు మీద పడుకునే తన్నుకున్నాను. ఒక కాలు ఈడుస్తూ వస్తున్నాడు. చివరి గీత దగ్గర టైమైపోయిందని అడ్డంగా తాడు దించేశారు. ఆ పిక్కలు తాడుకి రెండడుగుల ఇవతల ఆగిపోయాయి.

నేను ఏళ్ల తరబడి నేర్పింది ఒక్క చుట్టులో పోయింది.

రాజాం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. చీపురుపల్లి దాటాక నేనే అన్నాను.

"తప్పు నాదిరా."

"పిక్క పట్టెయ్యడం నీ తప్పేటి నాన్నా?"

"అది కాదురా."

"తెలుసు" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

వారం రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పరుగుకి రాలేదు, పిలిచే ధైర్యం నాకు లేదు. అప్పటికే ఉద్యోగానికని ఊరు వదిలి వెళ్లిన అక్క ఫోన్ చేస్తే మాత్రం గదిలోకి వెళ్లి మాట్లాడేవాడు. ఎనిమిదో రోజున చెప్పా పెట్టకుండా రాజాం వెళ్లి సాయంత్రం వచ్చాడు. ఎందుకు వెళ్లాడని నేను అడగలేదు. అడగడానికి భయమేసింది.

మర్నాడు పొద్దున్న కుర్రాళ్లని పరిగెట్టించి ఇంటికొచ్చేసరికి వీధరుగు మీద ప్లాస్టిక్ కుర్చీ ఉంది. టెంటు హౌసుకి తొమ్మిదే తిరిగి వెళ్లాయి, పదోది మేమే కొనేసుకున్నాం. మావాడు అందులో కూర్చుని ఉన్నాడు. ఒళ్లో అక్క డిగ్రీ నాటి పుస్తకం, అట్ట చిరిగినది. మానేసిన చోటినుంచే మళ్లీ చేరడానికి కాలేజీలో అడిగి వచ్చాడట. మోకాళ్లు కదలడం లేదు.

"ఎంతసేపయిందే?" అని మా ఆవిణ్ణి గొంతు తగ్గించి అడిగాను.

"మీరు ఎల్లినకాడినుంచీ" అంది.

అంతలో టీ కొట్టు బావ సైకిలు మీద పాల క్యానుతో వచ్చి, మా గేటు ముందు కాలు నేలకి ఆనించి ఆగాడు.

"ఏటి బావా, కుర్రోడు ఆడగుంటలాగ కూకుండిపోనాడు? లెగమను! రోడ్డెక్కమను!"

ముప్పై ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది, నా చెయ్యి మెడలో విజిలు మీదికి వెళ్లింది. మావాడు పుస్తకంలోంచి తలెత్తి నా వైపు చూశాడు. ఎనిమిదో క్లాసులో చూసినట్టే చూశాడు, లేవడానికి సిద్ధంగా. నేను విజిలు తాడు మెడలోంచి తీసి జేబులో పెట్టుకున్నాను.

"కూకున్నాడు బావా," అన్నాను. "లేపకు."